రెస్పిరేటరీ థెరపిస్ట్ ఒక్కరే పనిచేయరు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఐసీయూ బయట కూర్చున్న బంధువులు, ఈ కోర్సులో కొత్తగా చేరిన విద్యార్థులు, ఒక్కోసారి వేరే వార్డు నుంచి వచ్చిన నర్సులు కూడా అడిగే ప్రశ్నలివి. జవాబులు రాసింది వెంటిలేటర్ల మధ్య చాలా రాత్రిళ్ళు గడిపిన ఒక థెరపిస్ట్. కొన్ని ప్రశ్నలకు ఒక్క మాట చాలు. కొన్నింటికి కాస్త ఓపిక పట్టాలి.

రెస్పిరేటరీ థెరపిస్ట్ అంటే అసలు ఎవరు?

ఊపిరికి సంబంధించిన చికిత్సలో ప్రత్యేకంగా శిక్షణ పొందినవాళ్ళు. ఆక్సిజన్ ఎంత ఇవ్వాలి, ఏ దారిలో ఇవ్వాలి అని చూడటం, నెబ్యులైజర్, ఇన్‌హేలర్ మందులు, మాస్కుతో ఒత్తిడిగా గాలి పంపే బైపాప్, గొంతులో ట్యూబ్ వేశాక వెంటిలేటర్, మణికట్టు దగ్గరి ధమని నుంచి రక్తం తీసి చేసే ఏబీజీ పరీక్ష, ఊపిరితిత్తుల సామర్థ్యం కొలిచే స్పైరోమెట్రీ, బయటికి రాని కఫాన్ని రప్పించడం, ఇవన్నీ వీళ్ళ పనే. గుండె ఆగిన పేషెంట్ దగ్గరికి పరుగెత్తే బృందంలో తల వైపు నిలబడి, చేత్తో నొక్కి గాలి పంపే సంచి అయిన అంబు బ్యాగ్ నొక్కేది కూడా చాలా చోట్ల వీళ్ళే.

ఈ పేరుతో వృత్తి అన్ని దేశాల్లో లేదు. అమెరికా, కెనడాల్లో ఇది ప్రత్యేక వృత్తి. బ్రిటన్‌లో ఇదే పనిని ఫిజియోథెరపిస్టులు, నర్సులు, డాక్టర్లు పంచుకుంటారు. పేరు మారినా పని మాత్రం ఎవరో ఒకరు చేయాల్సిందే.

డాక్టరా? నర్సా? టెక్నీషియనా?

మూడూ కాదు. "వెంటిలేటర్ ఆపరేటర్" అసలే కాదు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కొంచెం గుచ్చుకుంటుంది. మిషన్ తిప్పడం ఈ పనిలో తేలికైన భాగం.

ఈ వృత్తి ఎప్పటి నుంచి ఉంది?

మొదట్లో ఇది ఆక్సిజన్ సిలిండర్లు మోసి, పేషెంట్ చుట్టూ ఆక్సిజన్ నిలిపే టెంట్లు బిగించే పని. ఆ పని చేసేవాళ్ళు, వాళ్ళకు తోడుగా నిలిచిన డాక్టర్లు కలిసి పెట్టుకున్న ఇన్‌హలేషనల్ థెరపీ అసోసియేషన్ 1947లో షికాగోలో రిజిస్టర్ అయింది.

అయితే ఊపిరి చికిత్సకు పక్కన మనిషి ఎందుకు కావాలో లోకానికి తెలిసింది 1952లో కోపెన్‌హాగన్‌లో. పోలియో విజృంభించి, ఊపిరి కండరాలు చచ్చుబడినవాళ్ళు వరుసగా బ్లెగ్‌డమ్ ఆస్పత్రికి వస్తుంటే, ఉన్న కొద్దిపాటి మిషన్లు చాలలేదు. మత్తు డాక్టర్ బ్యోర్న్ ఇబ్సెన్ గొంతుకు రంధ్రం చేసి, ట్యూబ్ పెట్టి, చేత్తో సంచి నొక్కుతూ గాలి పంపే పద్ధతి మొదలుపెట్టారు. సంచి నొక్కడానికి సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా వచ్చారు. మరణాలు బాగా తగ్గాయి. ఒక డాక్టర్ ఆలోచన, నర్సుల కాపలా, విద్యార్థుల చేతులు, ల్యాబ్‌లో రక్తపరీక్షలు కలిస్తేనే ఆ గదులు నడిచాయి. ఐసీయూ అనే ఏర్పాటు పుట్టింది కూడా అక్కడి నుంచే అంటారు.

వెంటిలేటర్ పెట్టేశారు కదా, ఇంక మిషన్ చూసుకోదా?

చూసుకోదు. మిషన్‌కి మనం చెప్పిన అంకె తెలుసు, లోపలున్న ఊపిరితిత్తి సంగతి తెలియదు.

ఒక ఉదాహరణ చెప్తాను. 165 సెంటీమీటర్ల ఎత్తు, 95 కిలోల బరువున్న మగ పేషెంట్. న్యుమోనియా ముదిరి ఏఆర్‌డీఎస్ అయింది, అంటే ఊపిరితిత్తులు నీరు పట్టి గట్టిపడ్డాయి. ఒక్కో ఊపిరికి ఎంత గాలి పంపాలి? బరువు చూసి లెక్కేస్తే కిలోకి 6 మిల్లీలీటర్ల చొప్పున 570. కానీ మనిషి లావైతే ఊపిరితిత్తులు పెద్దవి కావు. అవి ఎత్తును బట్టి ఉంటాయి. ఎత్తుతో లెక్క కట్టిన బరువు ఈయనకు 61 కిలోల చిల్లర. కాబట్టి పంపాల్సింది 370 దగ్గర. మిగతా 200 మిల్లీలీటర్లు, నిమిషానికి ఇరవైసార్లు, రోజుల తరబడి, అప్పటికే దెబ్బతిన్న ఊపిరితిత్తిని సాగదీస్తూ పోతాయి.

ఇది పుస్తకాల్లో చర్చ కాదు. 2000లో అమెరికాలో 861 మంది మీద జరిగిన పరిశోధనలో కిలోకి 12 మిల్లీలీటర్లు ఇచ్చినవాళ్ళలో 39.8 శాతం మంది, 6 ఇచ్చినవాళ్ళలో 31 శాతం మంది చనిపోయారు. కొత్త మందేమీ లేదు. అంకె తగ్గించారు, అంతే.

ఇందులో కలిసి పనిచేయడం ఎక్కడుందంటే, ఆ ఎత్తు దగ్గరే. స్పృహ లేని మనిషి ఎత్తు కేస్‌షీట్‌లో చాలాసార్లు కంటి అంచనా. సిస్టర్, నేను టేపు పట్టుకుని తల నుంచి మడమ దాకా కొలిస్తే అది నిజమైన అంకె అవుతుంది. గాలి తగ్గిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ కొంత పెరుగుతుంది. ఎంతవరకు సహించవచ్చో డాక్టర్ చెప్పాలి. తలకు దెబ్బ తగిలిన పేషెంట్ అయితే ఆ పెరుగుదల మెదడులో ఒత్తిడి పెంచుతుంది, అప్పుడు న్యూరో వాళ్ళ మాట కూడా కావాలి. పేషెంట్ మిషన్‌తో పోట్లాడుతుంటే మత్తు మోతాదు చూడాలి. అంకె ఒక్కటే కనిపిస్తుంది గానీ దాని వెనక నలుగురుంటారు.

అలారం మోగుతూనే ఉంటుంది. ఎవరూ పరుగెత్తరేంటి?

మోగే ప్రతిదీ ప్రమాదం కాదు. దగ్గినా, పక్కకు తిరిగినా, పైపులో నీరు చేరినా మోగుతుంది. ఏది దేనికి మోగిందో దగ్గరున్న నర్సుకు శబ్దాన్ని బట్టే తెలుస్తుంది.

నిజంగా పేషెంట్ నీలంగా మారుతుంటే మాత్రం మిషన్‌ని పక్కన పెట్టి అంబు బ్యాగ్‌తో ఊపిరి ఇస్తూ వెతుకుతాం. ట్యూబ్ జారిందా, లోపల కఫం అడ్డుపడిందా, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందా, మిషన్‌దే తప్పా? ఈ నాలుగింటిలోనే చాలావరకు కారణం దొరుకుతుంది. ఆ సమయంలో బంధువులను బయటికి పంపితే కోపం తెచ్చుకోకండి. మంచం చుట్టూ స్థలం కావాలి.

వెంటిలేటర్ తీసేయాలని ఎవరు నిర్ణయిస్తారు?

సంతకం డాక్టర్‌ది. కానీ ఆ సంతకం దాకా విషయాన్ని తీసుకొచ్చేది ఒక గొలుసు.

మిషన్ ఎక్కించడం కన్నా దించడం కష్టం. ఒక్క రోజు ముందు తీస్తే మళ్ళీ ట్యూబ్ వేయాల్సి రావచ్చు. ఆలస్యం చేస్తే ఊపిరి లాగే డయాఫ్రమ్ కండరం పనిలేక నీరసిస్తుంది, ఇన్ఫెక్షన్ అవకాశం పెరుగుతుంది. పాత అలవాటు ఏమిటంటే, పెద్ద డాక్టర్‌కి "ఇవాళ చూద్దాం" అనిపించినప్పుడు చూడటం. 1996లో 300 మంది మీద చేసిన ఒక పరిశోధన దీన్ని మార్చింది. తీయడానికి సిద్ధంగా ఉన్నారా అని ప్రతి పేషెంట్‌నీ రోజూ పరీక్షించి, సిద్ధంగా ఉన్నవాళ్ళకు సొంతంగా ఊపిరి తీసుకునే పరీక్ష పెట్టి, ఫలితాన్ని వెంటనే డాక్టర్‌కి చెప్పారు. వెంటిలేటర్ మీద గడిపిన సమయం సగటున 6 రోజుల నుంచి 4.5 రోజులకు తగ్గింది. చాలా ఆస్పత్రుల్లో రోజూ జరిగే ఆ పరీక్షను ఇప్పుడు థెరపిస్టులే చేస్తారు.

ఆ పరీక్ష ఉదయం ఇలా నడుస్తుంది. ముందు నర్సు మత్తు మందు ఆపాలి. మత్తులో ఉన్న మనిషికి ఊపిరి పరీక్ష పెడితే ఫెయిల్ అయ్యేది మనిషి కాదు, మత్తు. మత్తు ఆపడాన్నీ ఊపిరి పరీక్షనూ జతచేసి చూసిన 2008 పరిశోధనలో రెండూ కలిపి చేసినవాళ్ళే త్వరగా బయటపడ్డారు. అందుకే ఇద్దరం టైమ్ ముందే మాట్లాడుకోవాలి. సిస్టర్ ఎనిమిదికి మత్తు ఆపి, నేను పదకొండుకి తీరిగ్గా వస్తే, ఆ మూడు గంటలు పేషెంట్ గొంతులో ట్యూబ్‌తో మెలకువగా నరకం చూస్తాడు. ఆమె మళ్ళీ మత్తు మొదలుపెట్టక తప్పదు. ఆ రోజు పోయినట్టే.

తర్వాత మిషన్ సాయం బాగా తగ్గించి 30 నిమిషాల నుంచి 2 గంటల దాకా చూస్తాం. ఊపిరి వేగం, లోతు, చెమట, నాడి, ముఖంలో కంగారు. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో ఆ అంకెను ఒక్కో ఊపిరి లీటర్లలో ఎంతో దాంతో భాగిస్తే వచ్చే విలువ 105 దాటితే అనుమానించాలి. వేగంగా, పైపైన పీల్చేవాళ్ళు ఎక్కువసేపు నిలబడలేరు.

ఇది పాసైనా అయిపోలేదు. దగ్గే బలం ఉందా అని ఫిజియోథెరపిస్ట్ చూస్తారు. ఫాస్ఫేట్ తగ్గితే ఊపిరి కండరాలు బలహీనపడతాయి, అవసరానికి మించి ఆహారం ఎక్కిస్తే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ తయారవుతుంది. ఇవి చూడాల్సింది డైటీషియన్. ఈ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెప్తాను: పరీక్షలో పేషెంట్ రెండు రోజులు వరుసగా ఫెయిల్ అయితే మిషన్ సెట్టింగ్ మార్చడం కన్నా ముందు నర్సు, ఫిజియోథెరపిస్ట్, డైటీషియన్, డాక్టర్ నలుగురినీ పిలిచి అడగడమే మంచిది.

నర్సు పని ఎక్కడ ఆగుతుంది, థెరపిస్ట్ పని ఎక్కడ మొదలవుతుంది?

గీత గీసి చెప్పడం కష్టం, చాలా పనులు ఇద్దరివీ. సక్షన్, అంటే గొట్టంతో కఫం లాగేయడం, ఇద్దరం చేస్తాం. తేడా ఎక్కడంటే, నర్సు షిఫ్ట్ అంతా ఒకరిద్దరు పేషెంట్ల దగ్గరే ఉంటారు, థెరపిస్ట్ చాలా మంచాల మధ్య తిరుగుతారు. కాబట్టి "ఏదో తేడాగా ఉందండీ, చెప్పలేను గానీ ఒకసారి రండి" అని సిస్టర్ పిలిస్తే, మానిటర్‌లో అన్నీ బాగున్నా సరే నేను వెళ్తాను. ఆ పిలుపు చాలాసార్లు నిజమవుతుంది.

ఇద్దరి పని అయినదాంట్లోనే ప్రమాదం కూడా ఉంది. ట్యూబ్ చివర ఉండే చిన్న బెలూన్ ఒత్తిడి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి ఒత్తిడి మధ్య ఉండాలి. తగ్గితే నోటిలోని ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది, పెరిగితే శ్వాసనాళం గోడకు రక్తం అందదు. దీన్ని చూసేది ఆమే అని నేను, నేనే అని ఆమె అనుకుంటే ఎవరూ చూడరు. అందుకే ఎవరు, ఏ టైమ్‌కి అన్నది చార్ట్ మీద పేరుతో రాసి ఉండాలి. తల వైపు మంచం 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచడం మాత్రం ఎవరికి కనబడితే వాళ్ళే సరిచేయాలి, దానికి డ్యూటీ లిస్టు అక్కర్లేదు.

మావాళ్ళని బోర్లా పడుకోబెట్టారు. ఎందుకు?

వెల్లకిలా పడుకుంటే ఊపిరితిత్తుల వెనక భాగం నలిగిపోతుంది. బోర్లా తిప్పితే ఆ భాగం తెరుచుకుని గాలి, రక్తం సరిగ్గా కలుస్తాయి. తీవ్రమైన ఏఆర్‌డీఎస్‌లో రోజుకు కనీసం 16 గంటలు ఇలా ఉంచితే 28 రోజుల్లో మరణాలు 32.8 శాతం నుంచి 16 శాతానికి తగ్గాయని 2013లో ఫ్రాన్స్, స్పెయిన్ ఐసీయూల్లో జరిగిన పరిశోధన చూపింది.

తిప్పడానికి సాధారణంగా ఐదారుగురు కావాలి. తల దగ్గర నిలబడి ట్యూబ్ పట్టుకునేవాళ్ళే లెక్క చెప్తారు, మిగతావాళ్ళు ఆ లెక్కకే కదులుతారు. ఎంత సీనియర్ డాక్టరైనా ఆ నిమిషంలో "ఒకటి, రెండు, మూడు" చెప్పేది తల దగ్గరున్నవాళ్ళే.

ఆక్సిజన్ ఎంత ఎక్కువ ఇస్తే అంత మంచిది కదా?

కాదు. ఆక్సిజన్ మందు లాంటిదే, దానికీ మోతాదు ఉంది. ఏళ్ళ తరబడి సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవాళ్ళకు సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 88 నుంచి 92 మధ్య చాలు. అంతకు మించి పోస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మనిషి మగతలోకి జారిపోవచ్చు. 2010లో ఆస్ట్రేలియాలోని టాస్మానియా అంబులెన్సుల్లో జరిగిన పరిశోధనలో, ధారాళంగా ఆక్సిజన్ ఇచ్చినవాళ్ళకన్నా కొలిచి ఇచ్చినవాళ్ళలో మరణాలు తగ్గాయి.

బంధువులు పక్కన కూర్చుని మానిటర్‌లో 90 చూసి టెన్షన్ పడి, ఎవరూ లేనప్పుడు ఫ్లో మీటర్ తిప్పడం మేం చూస్తూనే ఉంటాం. ప్రేమతో చేసేదే. దయచేసి చేయకండి, అడగండి.

సాచురేషన్ 98 ఉంది. అయినా రక్తం ఎందుకు తీస్తున్నారు?

వేలికి పెట్టే క్లిప్ ఆక్సిజన్ సంగతి మాత్రమే చెప్తుంది. కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతోందా లేదా అన్నది దానికి తెలియదు. నొప్పికి బలమైన మందులు తీసుకుని నిద్రలో ఉన్న పేషెంట్‌కి ఆక్సిజన్ పెడితే క్లిప్ 98 చూపిస్తూనే ఉంటుంది, లోపల కార్బన్ డయాక్సైడ్ మామూలు హద్దు 45 దాటి 70, 80కి ఎక్కుతూ ఉండొచ్చు. పొగలో చిక్కుకున్నవాళ్ళ రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఉన్నా క్లిప్ దాన్ని ఆక్సిజన్ అనే అనుకుంటుంది. నల్లటి చర్మం ఉన్నవాళ్ళలో అది ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చని కూడా తేలింది.

మణికట్టులో సూది నొప్పి పుడుతుంది. తెలుసు.

స్కానింగ్‌కి తీసుకెళ్తుంటే థెరపిస్ట్ వెంట రావాలా?

ట్యూబ్ ఉన్న పేషెంట్ అయితే రావాలి. ఆస్పత్రిలో మంచం నుంచి స్కానింగ్ గది దాకా ఉండే ఆ కాస్త దూరం ఐసీయూ కన్నా ప్రమాదకరం. గోడలో ఆక్సిజన్ ఉండదు, సిలిండరే దిక్కు. వెంట తీసుకెళ్ళే 'E' సైజు సిలిండర్ నిండా ఉంటే అందులో సుమారు 660 లీటర్లు ఉంటుంది. నిమిషానికి 10 లీటర్లు వాడితే గంటకు కాస్త పైన. ముల్లు సగంలో ఉంటే అరగంట. లిఫ్ట్ కోసం ఆగడం, స్కానింగ్ బయట వరుస, తిరుగు ప్రయాణం అన్నీ లెక్కేసి దానికి రెట్టింపు తీసుకెళ్ళాలి.

కొత్తలో ఒకసారి నేను ముల్లు చూశాను గానీ లెక్క వేయలేదు. లిఫ్ట్ దగ్గర సిలిండర్ అయిపోవచ్చింది. వెంట వచ్చిన వార్డ్‌బాయ్ ఎందుకైనా మంచిదని రెండో సిలిండర్ మంచం కింద పెట్టాడు. ఆయన్ని ఎవరూ పెట్టమనలేదు. అప్పటి నుంచి బయల్దేరే ముందు లెక్క పైకే చెప్తాను, వార్డ్‌బాయ్‌కి కూడా వినపడేలా.

మెడలో ట్యూబ్ పెట్టారు. మళ్ళీ మాట్లాడగలరా?

చాలామంది మాట్లాడగలరు. స్పీచ్ థెరపిస్ట్, మేము కలిసి ట్యూబ్ మూతికి ఒక వాల్వు బిగిస్తాం. గాలి లోపలికి ట్యూబ్ నుంచి వెళ్తుంది, బయటికి మాత్రం స్వరపేటిక మీదుగా నోటి నుంచి వస్తుంది. మాట పుడుతుంది.

ఒక్క షరతు ఉంది, ప్రాణాంతకమైనది. వాల్వు పెట్టే ముందు ట్యూబ్ బెలూన్‌లో గాలి పూర్తిగా తీసేయాలి. తీయకపోతే పీల్చిన గాలి బయటికి వచ్చే దారే ఉండదు. అందుకే వాల్వు పెట్టిన మంచం దగ్గర పెద్ద అక్షరాలతో హెచ్చరిక ఉంటుంది, దాన్ని చదవాల్సింది మేమే కాదు, రాత్రి డ్యూటీకి కొత్తగా వచ్చినవాళ్ళు కూడా. అలాగే అదే సైజు ట్యూబ్ ఒకటి, ఒక సైజు చిన్నది ఒకటి ఎప్పుడూ మంచం పక్కనే ఉండాలి.

పసిపిల్లల వార్డులో కూడా వీళ్ళుంటారా?

ఉంటారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఊపిరితిత్తులు తెరుచుకుని ఉండటానికి కావాల్సిన సర్ఫాక్టెంట్ సరిపడా ఉండదు, మందుగా ఇవ్వాల్సి వస్తుంది. అక్కడ ఆక్సిజన్ ఎక్కువైతే కంటి రెటీనా దెబ్బతింటుంది కాబట్టి సాచురేషన్‌ని 90లలో మొదటి సగంలోనే పట్టి ఉంచుతాం. కంటి డాక్టర్‌తో కూడా కలిసి పనిచేసేది ఈ వార్డులోనే.

డాక్టర్ చెప్పినదానితో ఏకీభవించకపోతే?

చెప్పాలి. చెప్పే తీరు నేర్చుకోవాలి.

పిల్లికూతలతో వచ్చిన ఒక పెద్దాయన. రెండు గంటలకోసారి ఊపిరి గొట్టాలను తెరిచే సాల్బుటమాల్ నెబ్యులైజేషన్ అని ఆర్డర్. రెండుసార్లు ఇచ్చినా కూతలు తగ్గలేదు, నాడి మాత్రం 90 నుంచి 125కి ఎక్కింది, ఊపిరితిత్తుల కింది భాగంలో చిటపట శబ్దం, కాళ్ళ వాపు. పిల్లికూతలన్నీ ఆస్తమా కాదు. గుండె నీరసించి ఊపిరితిత్తుల్లో నీరు చేరినా అలాగే కూస్తాయి. ఇక్కడ "ఈ ఆర్డర్ తప్పు డాక్టర్" అంటే గొడవ. పరిస్థితి ఇది, నేపథ్యం ఇది, నాకు అనిపిస్తున్నది ఇది, ఇలా చేద్దామా అని నాలుగు ముక్కల్లో చెప్తే నిమిషం పట్టదు, డాక్టర్‌కి కూడా ఆలోచించే వీలుంటుంది. చాలా ఐసీయూల్లో నేర్పేది ఈ పద్ధతే.

ఒప్పుకోకపోతే? పేషెంట్ ప్రమాదంలో ఉంటే పై డాక్టర్‌ని పిలిచే దారి ప్రతి చోటా ఉండాలి. దాన్ని ఫిర్యాదుగా చూసే చోట మనుషులు నోరు మూసుకుంటారు, నష్టం పేషెంట్‌కి.

చికిత్సకు ఇక ఫలితం లేదన్నప్పుడు థెరపిస్ట్ పనేంటి?

కుటుంబం, డాక్టర్, బాధ తగ్గించడం చూసే పాలియేటివ్ బృందం కలిసి ఆలోచించి, చట్టం అనుమతించే చోట మిషన్ ఆపాలని నిర్ణయిస్తే, ట్యూబ్ తీసే చేతులు చాలాసార్లు మావే. ముందుగా నర్సు ఆయాసం తెలియకుండా మందు ఇస్తారు. అలారాలు ఆపేస్తాం, తెర వేస్తాం, దగ్గరివాళ్ళు చెయ్యి పట్టుకునేలా కుర్చీ జరుపుతాం. ఆ గదిలో తొందరపడకూడదు.

డిశ్చార్జ్ రోజున ఏం నేర్పుతారు?

ఎక్కువ టైమ్ ఇన్‌హేలర్‌కే పోతుంది, పోవాలి కూడా. ఏళ్ళుగా వాడుతున్నవాళ్ళు కూడా తప్పుగా వాడుతుంటారు. స్ప్రే రకం అయితే ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, నొక్కుతూ నెమ్మదిగా పీల్చి, 10 సెకన్లు బిగపట్టాలి. పొడి రకం అయితే గట్టిగా, వేగంగా పీల్చాలి. రెండు రకాలూ ఇచ్చి తేడా చెప్పకపోతే రెండూ వృథా. స్టెరాయిడ్ ఉన్నదాని తర్వాత నోరు పుక్కిలించాలి. ఫార్మసిస్ట్ కంపెనీ మార్చి వేరే రకం ఇస్తే మళ్ళీ నేర్చుకోవాలి, ఆ మార్పు మాకు తెలియాలి.

ఇంట్లో ఆక్సిజన్ పెడితే దాని దగ్గర బీడీ, సిగరెట్, దీపం, పొయ్యి ఏదీ ఉండకూడదు. ముక్కు ఎండిపోతే వ్యాజలీన్ రాయకండి, నీటితో చేసిన జెల్ వాడండి.

బంధువులుగా మేం థెరపిస్ట్‌కి ఏం చెప్పాలి?

మాకు కేస్‌షీట్‌లో దొరకనివి. ఇంట్లో ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకునేవారు, ఎన్ని మెట్లెక్కితే ఆయాసం వచ్చేది, పొగ తాగేవారా, ఎన్నేళ్ళు, ఏ పని చేశారు, దుమ్ములోనా, రాయి కొట్టే చోటా. రాత్రి గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపించేదా. కట్టుడు పళ్ళున్నాయా. ఇంతకు ముందెప్పుడైనా ట్యూబ్ వేశారా, తీశాక ఏమైంది. చెవులు వినపడవా, కళ్ళజోడు లేకపోతే కనబడదా. మిషన్ మీద ఉన్న మనిషి "మాట వినడం లేదు" అని మేం రాసుకుంటున్నప్పుడు నిజానికి వినపడటం లేదేమో.

నిద్రలో మాస్కుతో గాలి పంపే సీపాప్ మిషన్ ఇంట్లో వాడుతుంటే మాస్కుతో సహా తెచ్చేయండి. ఆ ముఖానికి సరిపోయే మాస్కు అర్ధరాత్రి మాకు దొరక్కపోవచ్చు.